వీధి దీపముల మరమ్మతు – అతుకు నిలుచుట యెట్లు?

గ్రామ వీధులకు దీపములు అమర్చుటయు, వానిని చెడకుండ కాపాడుటయు పంచాయతీ ముఖ్య విధులలోనివి. 1994వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ఈ బాధ్యతను గ్రామ పంచాయతీకే అప్పగించినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును దెబ్బతీసిన పిదప అచ్చటి వీధులకు ఎల్.ఇ.డి. దీపములు అమర్చిరి. 2015 జనవరి 5వ తేదీన కేంద్ర ప్రభుత్వము వీధులకు ఈ దీపములు పెట్టు కార్యక్రమమును దేశమంతట ప్రారంభించినది. నేడు కృష్ణా డెల్టా గ్రామములందును ఇవి వెలుగుచున్నవి.

పాత ట్యూబు దీపము ఆరినచో ట్యూబునో, చోకునో, స్టార్టరునో మార్చిన సరిపోయెడిది. ఎల్.ఇ.డి. దీపము అట్టిది కాదు. దానిలో డ్రైవరు అను చిన్న సర్క్యూట్ బోర్డు కలదు. అది 230 వోల్టుల విద్యుత్తును దీపమునకు తగినట్లు మార్చి యిచ్చును. దీపము వెలుగకున్న, వెలుగునిచ్చు గింజలు బాగుగనే యుండి ఈ డ్రైవరు చెడియుండుట తరచుగ జరుగును. చెడిన భాగమును మార్చినచో దీపమంతయు మరల పనికివచ్చును. పంచాయతీకి క్రొత్త దీపము ఖర్చు తప్పును. కాని మరమ్మతయిన దీపము కొలది దినములకే మరల ఆరుటయు మనము చూచుచున్నాము. అందుకు ఒక ముఖ్య కారణము బోర్డుపై భాగములను సరిగా బిగించి టంకము వేయకపోవుటయే.

టంకము విద్యుత్తునకు దారి యిచ్చునది. బరువు మోయుట దాని పని కాదు. విజయవాడ చెంతనున్న కొండపల్లిలో బొమ్మల అంగములను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. మక్కు ఆరకముందే బొమ్మ చేయి కదలినచో అతుకు నిలువదు. టంకము సంగతియు అంతే. 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము గల టంకము 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగును. సీసము లేని రకములు సుమారు 217 డిగ్రీల వద్ద కరుగును. అది చల్లారి గట్టిపడు ఆ కొద్ది క్షణములలో భాగము కదలినచో లోపల సన్నని చీలిక యేర్పడవచ్చును. అట్టి దీపము దుకాణములో వెలుగును. స్తంభముపై పగటి వేడికి వ్యాకోచించి, రాత్రి చల్లదనమునకు సంకోచించి, గాలికి ఊగినపుడు ఆ చీలిక పెరిగి దీపము ఆరును.

కావున మరమ్మతు చేయువారు మొదట పొట్టి భాగములను, పిదప ఎత్తయినవానిని అమర్చవలెను. భాగపు కాళ్లను రంధ్రములలో దూర్చి, వెనుకవైపున కొంచెము ఎడముగ వంచవలెను. బోర్డును బోర్లించునపుడు క్రింద స్పాంజి నుంచవలెను, లేదా వేడికి ఓర్చు టేపుతో భాగమును పట్టియుంచవలెను. దర్జీ మొదట టాకా వేసి చూచి తరువాత కుట్టినట్లు, ముందుగ ఒక కాలికే టంకము వేయవలెను. భాగము తిన్నగ నున్నదని చూచుకొనిన పిదపనే తక్కిన కాళ్లకు వేయవలెను. కాళ్లు లేని సూక్ష్మ భాగములైనచో, ఒక ప్రక్క టంకము కరగియుండగా పట్టకారుతో భాగమును చేర్చి, చల్లారువరకు కదలక పట్టి, తరువాత రెండవ ప్రక్క అతుకవలెను.

పిదప బరువైన కెపాసిటరు, ట్రాన్స్‌ఫార్మరుల మొదళ్లకు సిలికోను జిగురు పెట్టవలెను. వెనిగరు వాసన గల జిగురు రాగిని తినివేయును. కనుక న్యూట్రల్ రకమునే వాడవలెను. కెపాసిటరు నెత్తిని మాత్రము జిగురుతో మూయరాదు. దివిసీమ, మచిలీపట్టణము తీరమున ఉప్పుగాలి అధికము. అచ్చట బోర్డుకు తేమ తగులకుండ పూత పూసి, మూత యొక్క రబ్బరు పట్టీని తిరిగి సరిగా బిగించుట తప్పనిసరి.

దీపమును స్తంభము నుండి దించుట విద్యుత్ సిబ్బంది పని, ఇతరులు ఎక్కరాదు. సరఫరా తీసివేసిన తరువాతను కెపాసిటరులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. సీసపు టంకము తాకినవారు చేతులు కడుగుకొనక భోజనము చేయరాదు.

పంచాయతీ సభ్యులు టంకము వేయనేర్వనక్కరలేదు, అడుగనేర్చిన చాలును. మూత బిగింపకముందే బోర్డును చూపుమనుడు. బరువైన భాగమును, సరఫరా లేనప్పుడు, నిపుణుడే మెల్లగ కదల్చి చూపవలెను, అది ఊగరాదు. పిదప దీపమును కొన్ని గంటలు వెలిగించి చూడుడు. దీపము సంఖ్య, మరమ్మతు తేదీ, మార్చిన భాగము రిజిస్టరులో వ్రాయించుడు. ఒకే దీపము పలుమార్లు తిరిగివచ్చుచున్నచో క్రొత్తదానికి డబ్బు చెల్లించుటకు ముందు అతుకులను పరీక్షింపజేయుడు.

రాత్రివేళ నీరు కట్టుటకు పొలమునకు పోవు రైతునకు, చదువు ముగించుకొని ఇల్లు చేరు బాలికకు ఆ దీపమే తోడు. అది ఆరకుండుట ధాన్యపు గింజకంటె చిన్నదైన ఒక అతుకుపై ఆధారపడియున్నది. దానిపై సభ్యులు దృష్టి నిలుపవలెనని మేము కోరుచున్నాము.