అద్దె ఇంట్లో ట్యాంక్ పొంగి సామాన్లు తడిస్తే డబ్బులెవరిస్తారు?

పోయిన వారం ఒక వ్యూయర్ మెసేజ్ పెట్టారు. కూకట్‌పల్లిలో టాప్ ఫ్లోర్‌లో అద్దెకి ఉంటారు. బిల్డింగ్‌లో ఎవరో మోటార్ వేసి ఆపడం మర్చిపోయారు. ట్యాంక్ పొంగి, నీళ్లు గోడ వెంబడి బెడ్‌రూమ్‌లోకి దిగాయి. పరుపు, బీరువాలో బట్టలు, లాప్‌టాప్ అన్నీ తడిసిపోయాయి. ఓనర్ ఏమో "గోడకి పెయింట్ నేను వేయిస్తా బాబూ, నీ సామాన్లతో నాకేం సంబంధం?" అన్నారట. "అన్నా, బిల్డింగ్‌కి ఇన్సూరెన్స్ ఉంది కదా, అందులో నాకేం రాదా?" ఇదీ ప్రశ్న.

రాదు. ఓనర్ పాలసీ గోడలకి, స్లాబ్‌కి, మహా అయితే ఆయన సామాన్లకి. మీ సామాన్లకి మీరే తీసుకోవాలి. చాలామందికి తెలియనిదేంటంటే, సొంతిల్లు లేకపోయినా తీసుకోవచ్చు.

దాని పేరు భారత్ గృహ రక్ష. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన స్టాండర్డ్ పాలసీ ఇది. రూల్ పెట్టింది ఐఆర్‌డీఏఐ, దాని హెడ్ ఆఫీస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. కొనేటప్పుడు "బిల్డింగ్ వద్దు, కంటెంట్స్ మాత్రమే కావాలి" అని చెప్పండి. సామాన్ల విలువ ఎంతో మీరే రాసివ్వాలి. ఇంకో మంచి విషయం: మీ సామాన్లు 3 లక్షలవైనా మీరు 2 లక్షలకే తీసుకున్నారనుకోండి. "తక్కువకి చేయించావు కాబట్టి అందులోనూ కోత" అనడానికి లేదు. జరిగిన నష్టానికి 2 లక్షల వరకూ ఇవ్వాల్సిందే. నగలకి మాత్రం విడిగా కవర్ అడగాలి, క్యాష్‌కి అసలు లేదు.

ఇప్పుడు అసలు పాయింట్. పాలసీలో రాసింది వాటర్ ట్యాంకులు, పైపులు "పగలడం లేదా పొంగడం" అని. అంటే ఒక రోజు జరిగిన సంఘటన. పై ఫ్లోర్ బాత్రూమ్ నుంచి ఆరు నెలలుగా చెమ్మ దిగి బీరువా బూజు పట్టిందంటే అది పగలడమూ కాదు, పొంగడమూ కాదు. క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. అలాంటి చెమ్మ కనిపించిన రోజే ఓనర్‌కి ఫొటోతో వాట్సాప్ పెట్టండి. ఫోన్‌లో చెప్తే రుజువుండదు.

నిజంగా పైప్ పగిలితే ముందు వీడియో తీయండి, తేదీ, టైమ్ తెలిసేలా. కంపెనీకి వెంటనే చెప్పండి. సర్వేయర్ వచ్చి చూసేదాకా తడిసిన పరుపు పారేయకండి, వాసనొచ్చినా సరే, బాల్కనీలో పెట్టండి. తడిసిన లాప్‌టాప్ "పనిచేస్తుందేమో చూద్దాం" అని ఆన్ చేయొద్దు. షార్ట్ సర్క్యూట్‌తో ఆ పరికరానికే వచ్చే డ్యామేజ్‌ని ఈ పాలసీ కవర్ చేయదు. నీళ్ల వల్ల పోయిందా, షార్ట్ వల్ల పోయిందా అనే గొడవ మనమెందుకు తెచ్చుకోవాలి?

బ్యాచిలర్స్‌కి ఒక మాట. పాలసీ మీ పేరు మీద ఉంటే మీ రూమ్‌మేట్ టీవీకి అది వర్తించదు. ఎవరిది వాళ్లు తీసుకోండి.

క్లెయిమ్ కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్‌కి కంప్లైంట్ ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ ఆఫీస్ హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.