జీతానికి కోత... జాగాకు జోల!

తార్నాక మెట్రో స్టేషన్‌లో దిగి ఉస్మానియా క్యాంపస్ వైపు నడవండి. ఒకే రోడ్డు మీద రెండు లోకాలు కనిపిస్తాయి. ఒకవైపు నెల జీతంతో నెట్టుకొచ్చే సెక్యూరిటీ గార్డు, మెస్‌లో వంటమనిషి, షాపులో బిల్లులు కొట్టే అమ్మాయి. మరోవైపు కోట్లు పలికే ఇళ్లు, స్థలాలు. పన్ను ముందుగా ఎవరి తలుపు తడుతోంది?

‘ఏడాదికి 12 లక్షల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా, చిన్న జీతగాళ్లకు ఇబ్బందేముంది?’ అనొచ్చు. నిజమే. 2025 బడ్జెట్ కొత్త విధానంలో ఆ ఊరట ఇచ్చింది. కానీ పే స్లిప్‌లో ‘పీటీ’ అని ఇంకో గడి ఉంటుంది. అది వృత్తి పన్ను. తెలంగాణలో జీతం 15 వేలు దాటితే నెలకు 150 రూపాయలు, 20 వేలు దాటితే 200 కోస్తారు.

మెలిక ఇక్కడే ఉంది. 21 వేలు తెచ్చుకునే అమ్మాయికీ 200, నెలకు 4 లక్షలు అందుకునే పెద్ద ఆఫీసరుకూ అదే 200! ఆమెకది జీతంలో దాదాపు ఒక శాతం. ఆయనకు ఒక శాతంలో ఇరవయ్యో వంతు. ఈ పన్ను ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగం 276వ అధికరణ చెబుతోంది. 1988 నుంచీ అదే పరిమితి. సరే, పైవాళ్లకు పెంచడం కుదరదు. కిందివాళ్లను వదిలేయొచ్చుగా?

ఇక ఆస్తి సంగతి. 1957లో వచ్చిన సంపద పన్నును 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ రద్దు చేశారు. 2013-14లో దేశమంతా కలిపి వచ్చింది 1,008 కోట్లే. వసూలుకు ఖర్చెక్కువ, రాబడి తక్కువ అన్నారు. బదులుగా కోటి దాటిన ఆదాయంపై 2 శాతం అదనపు సర్‌ఛార్జి వేశారు. అంటే మళ్లీ ఆదాయం మీదే! ఇంటి పన్ను కడుతున్నాం కదా అంటారా? హైదరాబాద్‌లో దాని లెక్క అద్దె విలువను బట్టే గానీ మార్కెట్ ధరను బట్టి కాదు.

మరి ఎప్పుడో తార్నాకలో ఇల్లు కట్టుకుని, పింఛనుతో బతుకుతున్న రిటైర్డ్ మాస్టారి మాటేమిటి? ఇల్లు కోట్లు చేసినా ఆయన చేతిలో డబ్బుండదు. అందుకే సొంతంగా ఉంటున్న ఒక్క ఇంటిని వదిలేసి, రెండో ఇల్లు, మూడో ప్లాటు నుంచి లెక్క మొదలుపెట్టడం న్యాయం.

అంతదాకా ఆగక్కర్లేదు. వృత్తి పన్ను మొదలయ్యే 15 వేల గీతను పైకి జరపడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో పనే. ఏడాదికి 2,400 రూపాయలు ఆ బిల్లింగ్ అమ్మాయికి చిన్న మొత్తమేం కాదు!