వెలుఁగు తగ్గిన తెర



నిరుడు నా కన్నులు పోవుచున్నవని నేను నిశ్చయించుకొంటిని. అరువది దాఁటినవాఁడను గనుక ఆ నిశ్చయమునకుఁ బెద్ద తర్కము కావలసి రాలేదు. మా గురువుగారి యింటనున్న తాళపత్రగ్రంథ మొకదానిని ఛాయాచిత్రములు తీయించి, వానిని కంప్యూటరు తెరపైఁ జూచుచుఁ బ్రతి వ్రాయుచుంటిని. ఆ యాకులలో పకార వకారములకు భేదము వెండ్రుకవాసి. కొన్ని మాసములుగా ఆ భేదమే నాకుఁ గానరాకుండెను. కంటి వైద్యుఁడు పరీక్షించి, “పంతులుగారూ, మీ కన్నులు వయస్సునకుఁ దగినట్లే యున్నవి. మీరు చదువుచోట వెలుఁగు చాలుచున్నదా?” అని యడిగెను. ఆ ప్రశ్నయే నేఁటి ప్రసంగమునకు మూలము.

ఇంటికి వచ్చి మా మనుమని తెరను నా తెర ప్రక్కన నుంచి చూచితిని. వానిది మధ్యాహ్నము, నాది సంధ్య. దీపము దినదినము కొంచెముగాఁ దగ్గుటచేత నాకుఁ దెలియలేదు.

మన యిండ్లలోని పలుచని తెరలలోఁ బెక్కింటికి స్వయంప్రకాశము లేదు. మీరు తోలుబొమ్మలాట చూచియుందురు. బొమ్మలకు ఎన్ని రంగులున్నను వెనుక దీపము లేనిచో అవి ప్రేక్షకులకుఁ గనఁబడవు. కంప్యూటరు తెరయందు బొమ్మల స్థానమున ద్రవస్ఫటికము లున్నవి. ద్రవమువలెఁ బ్రవహించుచునే స్ఫటికమువలెఁ గ్రమముగా నిలుచు ఇట్టి పదార్థమును 1888వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుఁడు ఫ్రీడ్రిష్ రైనిట్జరు గుర్తించెను. విద్యుత్తు తాఁకినప్పుడు వాని యమరిక మాఱును. దానిచేత వెనుకనుండి వచ్చు వెలుఁగు ఒకచోటఁ బోవును, ఒకచోట నాఁగును. మనము చదువు నక్షరము ఆ యాఁగిన వెలుఁగే.

కావున తెర మసకబాఱినప్పుడు చెడినది బొమ్మయా, దీపమా యని ముందుగాఁ దెలిసికొనవలెను. మొదట వెలుఁగును హెచ్చించు మీట సరిగా నున్నదో లేదో చూడుఁడు. పిదప గది చీఁకటి చేసి, తెరమీఁదికి టార్చి నోరగాఁ బట్టుఁడు. నల్లగాఁ దోఁచిన తెరపై నక్షరములు లీలగాఁ గనఁబడినచో బొమ్మ క్షేమము, దీపమునకే రోగము.

ఈ దీపములు రెండు విధములు. క్రొత్త తెరలలో ఎల్‌.ఇ.డి. దీపము లుండును. నీలి ఎల్‌.ఇ.డి.ని సాధించుటచేతనే యీ తెల్లని వెలుఁగు సాధ్యమయ్యెను. అందులకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమాన మొసఁగఁబడెను. పాత తెరలలో పాదరసపు టావిరితో వెలుఁగు సన్నని గాజు గొట్టము లుండును. అవి వెలుఁగుటకు నూఱులకొలఁది వోల్టులు కావలెను. నాది పాత తెర.

నేను మరచీలలు విప్పి దానిని తెఱచితిని. తీఁగ నూడఁదీసిన తరువాతఁ గూడ లోపలి పెద్ద కెపాసిటరులో సుమారు 320 వోల్టులు నిలిచియుండవచ్చును. తీఁగ తీసితిని గదా యని చేయి పెట్టువాని ప్రాణమునకే యపాయము. ఈ సంగతి ముందే విని యుంటిని గనుక, ఆ పలకను నేను తాఁకక, విద్యుత్పరికరములు బాగుచేయు యువకుని పిలిపించితిని. అతఁడు మీటరుతో శోధించి, తల లుబ్బిన చిన్న కెపాసిటర్లు రెంటిని తీసి, అదే కొలతగలవానిని, ధన ఋణ ధ్రువములు తాఱుమాఱు గాకుండ, టంకముతో నతికెను. తెర మినుకుమినుకు మనుట మానెను. వెలుఁగు మాత్రము ఎఱ్ఱగా, మందముగానే యుండెను. గొట్టమే ముసలిదైనదని యతఁడు చెప్పెను.

మఱునాఁడు అతఁడు రాకముందే తీఁగ నూడఁదీసి, గొట్టమును నేనే తీయఁబోయితిని. అది పెన్సిలులోని సీసమంత సన్నము. చేతిలోనే పుటుక్కున విఱిగెను. వ్యాకరణము చదివినవాఁడు వైద్యము చేసినట్లయ్యెను! అందు పాదరస మున్నదని జ్ఞప్తికి వచ్చి, కిటికీలు తెఱచి, పిల్లలను వెలుపలికిఁ బంపితిని. చీపురుతో నూడ్చిన నది వ్యాపించును. కావున గట్టి కాగితముతో ముక్కల నెత్తి, మిగిలిన నలుసులను అంటు కాగితముతోఁ దీసి, సీసాలో నుంచి మూఁత బిగించితిని.

ఆ యువకుఁడు వచ్చి నన్నేమియు ననక, గొట్టముల స్థానమున ఎల్‌.ఇ.డి. పట్టీలను, వానికిఁ దగిన చిన్న పలకను అమర్చెను. తెర తెల్లవాఱెను. ఆ వెలుఁగున నా ప్రతిని మరల మొదటినుండి చూడఁగా, మసకలో వ్రాసిన పదునాలుగు ఆకులలో వకారములు పెక్కు పకారములై యుండెను. కొన్నిచోట్ల అర్థము కుదురలేదని గ్రంథకర్తనే తప్పుపట్టి, అంచున సవరణలు సైతము వ్రాసియుంటిని. వానినన్నిటిని కొట్టివేసితిని.

చదువునది మసకగాఁ దోఁచినప్పుడు గ్రంథమును నిందింపకుఁడు, కన్నులను నిందింపకుఁడు. ముందు దీపమును చూడుఁడు. దీపమును బాగుచేయుటలో మన చేయి యెంతవఱకుఁ బోవచ్చునో కూడఁ దెలిసికొనుఁడు.