మొండికెత్తిన నట్టు: పాత జీపు నేర్పు పాఠము

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతము ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్టసీమ. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. నల్లరేగడి చేలు, సున్నపురాతి గనులు, మున్నేరు, పాలేరు వంటి ఏరులు గల ఈ సీమలో తిరిగిన పాత జీపు అడుగున వంగి చూడుడు. వెనుక చక్రముల చెంత, కమాను కట్టల ప్రక్కన, ఒక్కొక్క గొట్టము కనిపించును. అదియే షాక్ అబ్జార్బరు. అది చెడినపుడు క్రొత్తది బిగించుట సులభము. పాతదానిని ఊడదీయుటయే కష్టము. ఎందువలన?

ముందుగా దాని పని తెలిసికొందము. బండి గుంటలో పడినపుడు కమాను వంగి శక్తిని దాచుకొనును. వెంటనే తిరిగి విడుచును. దీనిని అణచువారు లేనిచో బండి ఉయ్యాలవలె ఊగుచునే యుండును. షాక్ అబ్జార్బరులో నూనె సన్నని రంధ్రములగుండ బలవంతముగా పోవును. ఆ ఘర్షణచే చలనశక్తి ఉష్ణముగా మారును. బండి మూలను అదిమి విడిచినపుడు ఒకటి రెండు ఊపులలో ఆగనిచో, గొట్టము చెడినదని అనుమానింపవచ్చును.

ఈ గొట్టము రెండు కొనలయందును కన్నులు కలవు. వానిలో రబ్బరు బుష్షులు, కొన్నింటిలో వాని నడుమ ఉక్కు గొట్టపుముక్కలును ఉండును. ఇవి బండికి బిగించిన పిన్నులపై కూర్చుండును. చక్రములు చిమ్మిన రేగడి బురద వీనికి అంటుకొని చాల కాలము తడిని నిలుపును. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుట్టును. ఆ తుప్పు తాను తినివేసిన ఇనుముకన్న రెండు రెట్లకు మించిన చోటు ఆక్రమించును. కనుక మరల సందులలో అది మేకు దిగగొట్టినట్లు బిగిసిపోవును. నట్టును పట్టియుంచునది మనము బిగించిన బలము కాదు, తుప్పు.

పానాకు పొడవైన పైపు తొడిగి లాగుట చాలమంది చేయు పని. ఒక మీటరు పైపు చివర 40 కిలోల బలము వేసినచో, 20 సెంటీమీటర్ల పానాపై అదే బలము వేసినదానికి అయిదు రెట్ల మెలి కలుగును. అప్పుడు తుప్పు విడుటకు ముందే పిన్ను తెగవచ్చును. గొట్టము పోయినను నష్టము లేదు, అది పారవేయదగినదే. పిన్ను బండి అంగము. అది తెగినచో పని పదింతలగును. ఏది పోవచ్చును, ఏది నిలువవలెను అని ముందే నిర్ణయించుకొనుటయే ఈ పనిలోని వివేకము.

మొదట బురదను కడిగి, తీగె బ్రష్షుతో మరలను శుభ్రపరుపవలెను. పిదప కిరసనాయిలు, ఇంజను నూనె కలిపి చుక్కలుగా వేసి ఒక రాత్రి విడువవలెను. కిరసనాయిలు తలతన్యత నీటిదానిలో సగమునకన్న తక్కువ. కనుక అది లోహముపై సులభముగా పరచుకొని, కేశనాళికా చర్యచే సన్నని సందులలోనికి ప్రాకును. మరునాడు నట్టుపై సుత్తితో తేలికగా తట్టినచో పెళుసైన తుప్పు పగులును. తరువాత రింగు పానాతో ముందు కొంచెము బిగించి, పిమ్మట విప్పవలెను. ఇట్లు ముందుకు, వెనుకకు త్రిప్పుచు వదలించవలెను.

నట్టును కాల్చిన ఏమగును? రంధ్రము చిన్నదగునని కొందరు విద్యార్థులు తలచుదురు. అట్లు కాదు, రంధ్రము కూడ పెద్దదగును. 12 మిల్లీమీటర్ల రంధ్రము గల ఉక్కు నట్టు 200 సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కినచో రంధ్రము సుమారు 0.03 మిల్లీమీటరు విరియును. తుప్పు పట్టు వదలుటకు అది చాలవచ్చును. కాని ఇచట ఈ ఉపాయము ప్రమాదకరము. ప్రక్కనే మూసిన గొట్టములో నూనె కలదు; కొన్నింటిలో ఒత్తిడికి గురిచేసిన వాయువు కూడ ఉండును. వేడికి అది పేలవచ్చును. రబ్బరు, మనము పోసిన కిరసనాయిలు మండును. బ్రేకు గొట్టములును దగ్గరనే యుండును. కావున ఇచట మంట కూడదు.

నట్టు వచ్చినను కన్ను రానిచో సుత్తితో బలముగా మోది లాభములేదు. రబ్బరు ఆ దెబ్బలను మ్రింగివేయును. రబ్బరును కత్తితో కోసి, కన్నును తొలగించి, పిన్నుపై మిగిలిన ఉక్కు గొట్టపుముక్కను రంపముతో నిలువున చీల్చవలెను. చీలినంతనే దాని పట్టు వదలును. రంపము పిన్నుకు తగులకమునుపే ఆపి, మిగిలిన పలుచని పొరను ఉలితో విప్పవలెను.

పని చేయునపుడు ముందు చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. కేవలము జాకీపై నిలిపిన బండిక్రింద ఎన్నడును దూరరాదు. కంటికి అద్దములు ధరింపవలెను. క్రొత్తది బిగించునపుడు పిన్నుకు పలుచగా గ్రీజు పూసినచో తడి చేరదు. అయితే సహజ రబ్బరుకు గ్రీజు తగులరాదు, అది ఉబ్బి చెడును.

ఉపాధ్యాయులు రెండు గాజుపలకలను ఒకదానిపై నొకటి ఉంచి, అంచున ఒక కిరసనాయిలు చుక్క వేసి చూపవచ్చును. అది తనంతట తానే లోనికి ప్రాకును. మెకానిక్కు రాత్రంతయు వేచియుండుటకు కారణము విద్యార్థులకు అప్పుడు తెలియును.