ఆకు రాల్చే అడవికి ఒక్క చిత్రం చాలదు: నల్లమలలో వృక్షసంపద పటాల తయారీ

నల్లమల అడవి కార్తీకంలో ఒక రూపంలోను, ఫాల్గుణంలో మరొక రూపంలోను కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్-శ్రీశైలం, తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు ఉన్న ఈ ప్రాంతంలో అధిక భాగం శుష్క ఆకురాల్చే అడవి. టేకు, చిరుమాను, నల్లమద్ది వంటి వృక్షాలు వేసవి నాటికి ఆకులు రాల్చివేస్తాయి. అందువల్ల ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఇక్కడి వృక్షసంపద పటం తయారు చేసేటప్పుడు, ఆ చిత్రం ఏ తేదీన తీసినదన్నది కీలకమవుతుంది.

పచ్చని ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని గ్రహిస్తుంది. ఆకు కణజాలం సమీప పరారుణ కిరణాలను పరావర్తనం చెందిస్తుంది. ఈ రెండు పరావర్తనాల భేదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్.డి.వి.ఐ. సూచిక. ఆకు రాలితే సూచిక పడిపోతుంది. కనుక మార్చి చిత్రాన్ని మాత్రమే వాడితే ఆరోగ్యవంతమైన టేకు అడవి క్షీణించిన అడవిగా నమోదు కావచ్చు. నవంబరు చిత్రాన్ని మాత్రమే వాడితే లాంటానా పొదలు సైతం చిక్కని అడవిగా లెక్కకు రావచ్చు. మొదటి పొరపాటు వల్ల అవసరం లేని చోట మొక్కలు నాటుతారు; రెండవదాని వల్ల తొలగించవలసిన పొదలు దృష్టికి రావు.

రెండు కాలాల చిత్రాలను జోడించడం దీనికి సులభమైన మార్గం. సూచిక రెండు కాలాల్లోనూ ఎక్కువగా ఉంటే వాగుల వెంట నేరేడు వంటి పచ్చని చెట్లు ఉండవచ్చు. వర్షాల తరువాత పెరిగి వేసవిలో తగ్గితే ఆకురాల్చే అడవి కావచ్చు. రెండింటిలోనూ తక్కువైతే రాతినేల కావచ్చు. 30 మీటర్ల లాండ్‌శాట్, 10 మీటర్ల సెంటినెల్-2 చిత్రాలు ఉచితంగా లభిస్తున్నాయి.

అయితే వేసవిలో కార్చిచ్చుకు కాలిన నేల, శీతాకాలంలో లోయల్లో పడే కొండనీడ వర్గీకరణను తప్పుదారి పట్టించగలవు. లాంటానాను పొదలుగానే గుర్తించడానికి క్షేత్ర పరిశీలన తప్పనిసరి. ప్రతి వర్గం నుండి జి.పి.ఎస్. స్థానాలు సేకరించి, కొన్నింటిని వర్గీకరణకు వాడక, ఫలితాన్ని పరీక్షించడానికే కేటాయించాలి. మొత్తం కచ్చితత్వంతో తృప్తి పడక, వర్గాలవారీగా కూడా లెక్కించాలి. విస్తీర్ణం తక్కువగా ఉన్న వర్గంలోని తప్పులు మొత్తం అంకెలో మరుగున పడతాయి.

పటంపై చిత్రాల తేదీలు ముద్రించడం చిన్న పనే. కానీ ఆ తేదీలు లేకుంటే, పదేళ్ల తరువాత పోల్చి చూసే పరిశోధకుడు ఋతుభేదాన్ని అడవి నష్టంగా భావించే ప్రమాదం ఉంది.