తెర లేవకముందే మాట్లాడుకోవలసినవి

దుండిగల్ అనగానే వాయుసేన అకాడమీ గుర్తుకు వస్తుంది. అక్కడినుంచి గండిమైసమ్మ మీదుగా బాచుపల్లి వరకు ఈ మధ్యకాలంలో ఇళ్లు పెరిగాయి, ఇళ్లతోపాటు పాఠశాలలూ పెరిగాయి. అంతర్జాతీయ పాఠ్యక్రమాల ప్రకారం చదువు చెప్పే పాఠశాలలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ పాఠ్యక్రమాల్లో గణితం, రసాయన శాస్త్రాల సరసన నాటకానికీ చోటుంది. మన ఇళ్లలో ఈ సంగతి వినగానే వచ్చే మొదటి ప్రశ్న, "నాటకం కూడా ఒక చదువేనా?" అని. రెండో ప్రశ్న కాస్త ఆలస్యంగా, గొంతు తగ్గించి వస్తుంది: "అయితే మన పిల్ల వేదిక ఎక్కుతుందా?"

మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. ఐబీ డిప్లొమా కోర్సు రెండేళ్లది. 2024 నుంచి అమలులో ఉన్న విధానంలో నాటకానికి చివర రాతపరీక్ష లేదు. ఉన్నత స్థాయి విద్యార్థి నాలుగు పనులు సమర్పించాలి. ప్రచురితమైన ఒక నాటకాన్ని ఎలా ప్రదర్శించవచ్చో కాగితం మీద రూపొందించే ప్రతిపాదనకు 20 శాతం, ఏదైనా ఒక రంగస్థల సంప్రదాయం గురించిన పరిశోధనకు 20 శాతం, బృందంగా స్వయంగా అల్లుకుని ఆడే నాటికకు 25 శాతం, ఒంటరి ప్రదర్శనకు 35 శాతం మార్కులు. సాధారణ స్థాయిలో ఒంటరి ప్రదర్శన ఉండదు. అక్కడ మొదటి రెండింటికి 30 చొప్పున, బృంద నాటికకు 40 శాతం ఇస్తారు. పదో తరగతి స్థాయి కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈలోనైతే రాతపరీక్షకు 40 శాతం, ప్రదర్శనలకు 60 శాతం. ఐబీ ప్రదర్శనల వెంట నివేదికలు కూడా రాయాలి. కనుక నాటకం తీసుకున్న విద్యార్థి ఎక్కువ కాలం గడిపేది వేదిక మీద కాదు, నోటుపుస్తకం ముందు.

ఆ నోటుపుస్తకం చివరి సంవత్సరానికి ముందు వచ్చే సెలవుల్లోనే మొదలుకావాలి. చదివిన ప్రతి నాటకానికీ రెండు పుటలు చాలు: వేదిక ఎలా ఉండాలి, వెలుగు ఎటునుంచి పడాలి, ఏ మాట దగ్గర మౌనం అవసరం. గిరీశ్ కర్నాడ్ 1964లో కన్నడంలో రాసిన 'తుగ్లక్'తో ఆరంభించమని మేము సూచిస్తాము. అందులోని సుల్తాను మనకు పరాయివాడు కాడు. యువరాజుగా ఉన్నప్పుడు 1323లో ఓరుగల్లును జయించినవాడు అతడే. నమాజు వేళలో సుల్తానును హత్య చేయాలని కుట్రదారులు పన్నాగం పన్నే ఘట్టం ఆ నాటకానికి ఆయువుపట్టు. వేదిక మీద నమాజును ఎలా చూపాలి? నటులు నిజంగా సజ్దా చేయాలా, లేక అజాన్ ధ్వని, నీడలు, ఖాళీ వేదిక సరిపోతాయా? ముస్లిం విద్యార్థి ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబులో ఇతరులకు అందని లోతు ఉండగలదు. ఈ నాటకాన్ని ఢిల్లీ పురానా ఖిలా శిథిలాల మధ్య ప్రదర్శించినవాడు ఇబ్రహీం అల్కాజీ. పుణేలో స్థిరపడిన అరబ్బు కుటుంబంలో 1925లో పుట్టి, 1962 నుంచి 1977 వరకు జాతీయ నాటక విద్యాలయాన్ని నడిపిన దర్శకుడాయన.

ఇక రెండో ప్రశ్న. నటన విషయంలో ధార్మిక పండితుల అభిప్రాయాలు ఒకే తీరుగా లేవు. మేమిక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. మీరు విశ్వసించే ఆలిమ్‌ను అడగండి. అయితే పాఠ్యక్రమాన్ని చేతిలో పెట్టుకుని, పిల్లనో పిల్లవాడినో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. అడగవలసినవి స్పష్టంగా ఉండాలి. ఎలాంటి పాత్రలు, ఏ దుస్తులు, ఎదుటి పాత్రధారిని తాకవలసిన సన్నివేశాలు ఉంటాయా? ప్రదర్శనలను చిత్రీకరించి పరీక్షకులకు పంపుతారు గనుక, ఆ వీడియోను పాఠశాల తన ప్రచారానికి కూడా వాడుకుంటుందా? ఈ చివరి ప్రశ్న చాలామంది తల్లిదండ్రులకు తట్టదు. అనుమతి పత్రం మీద సంతకం చేసేముందే దాన్ని అడగాలి.

ఈ హద్దులు జూన్‌లోనే ఉపాధ్యాయునికి తెలిస్తే బృందం తన నాటికను వాటికి తగినట్టు అల్లుకుంటుంది. ప్రదర్శనకు వారం ముందు అబ్బాజాన్ వద్దన్నారని చెబితే మాత్రం తోటి పిల్లల మార్కులూ దెబ్బతింటాయి. అది వారికి అన్యాయం.

హద్దు ఉంటే కళ కుంటుపడుతుందనే వాదన తరచూ వినిపిస్తుంది. మేము దానితో ఏకీభవించము. హబీబ్ తన్వీర్ 1954లో జామియా మిల్లియా విద్యార్థులతో, ఓఖ్లా గ్రామస్థులతో కలిసి 'ఆగ్రా బజార్' రూపొందించారు. అది నజీర్ అక్బరాబాదీ అనే కవి గురించిన నాటకం. కాని కవి మాత్రం వేదిక మీదికి ఒక్కసారి కూడా రాడు! కాయగూరలమ్మేవాడి నోట, ఫకీర్ల నోట ఆయన కవితలే వినిపిస్తాయి. 1976లో వచ్చిన 'ది మెసేజ్' చిత్రం మనలో చాలామంది చూసినదే. దైవప్రవక్త (సఅసం) రూపాన్ని గాని, స్వరాన్ని గాని అందులో చూపలేదు, వినిపించలేదు. ఎదుటివారి చూపుల ద్వారా, వారి మాటల ద్వారా కథ నడిచింది. చూపకుండా చెప్పడం ఒక విద్య. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నోటుపుస్తకంలో రాసుకోవలసినది చాలా దొరుకుతుంది.

మన తెలుగు నేల మీద షేక్ నాజర్ ఉన్నారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, బుర్రకథకు పేరు తెచ్చి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక కథకుడు, ఇద్దరు వంతలు, ఒక తంబురా, డక్కీలు. ఇంతమాత్రంతో యుద్ధాన్ని కళ్ల ముందుకు తేవడం ఎలాగో పరిశీలించాలంటే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. లింగంపల్లి దగ్గరి సురభి కాలనీ ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళితే దూరమేమీ కాదు. 1885లో మొదలైన ఆ సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నాటకాన్ని వృత్తిగా స్వీకరించాయి. తాత, తల్లి, మనవడు ఒకే వేదిక మీద కనిపిస్తారు. ఒక ప్రదర్శనకు ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లండి.

రోజువారీ ఇబ్బందుల్లో పెద్దది సమయం. సాయంత్రం రిహార్సల్ ముగిసేసరికి మగ్రిబ్ దాటుతుంది. దుండిగల్ వైపు చీకటిపడ్డాక ఆడపిల్ల ఒంటరిగా ఆటోలో రావడం ఎవరికీ ఇష్టముండదు. వాహనం ఎవరు తెస్తారో వారాలవారీగా ముందే పంచుకోవాలి. పాఠశాలలో నమాజుకు ఒక గది అడిగి తీసుకోవడంలో మొహమాటం వద్దు. రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. మే విడతలో పరీక్షలు రాసే ఐబీ విద్యార్థులకు పనులు పూర్తిచేయవలసిన ఒత్తిడి సరిగ్గా అప్పుడే ఉంటుంది. కాబట్టి శారీరక శ్రమ ఎక్కువగా ఉండే ప్రదర్శనలు జనవరిలోగా ముగించి, ఉపవాస దినాలను రాతపనికి మిగుల్చుకోవడం మేలు.

తరువాత ఏమిటని అడిగేవారికి ఒక మాట. తెలుగు విశ్వవిద్యాలయం ఇప్పుడు బాచుపల్లిలోనే ఉంది, రంగస్థల కళలు అక్కడ బోధిస్తారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఆ శాఖ ఉంది. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయంలో మూడేళ్ల కోర్సుకు పట్టభద్రులే అర్హులు. అంటే ఇంటర్ స్థాయిలో నాటకం చదివినంత మాత్రాన మిగతా దారులు మూసుకోవు. న్యాయశాస్త్రమో, ఉపాధ్యాయ శిక్షణో, మరేదైనా డిగ్రీయో చదువుతూనే ఆలోచించుకోవడానికి మూడేళ్లకు పైగా వ్యవధి ఉంటుంది.