మీకు తెలుసా? హోమ్ బటన్ కబురు యాప్‌కు అందదు

కంచికచర్ల మీదుగా హైదరాబాద్ వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌తో ఫొటో తీస్తున్నారా? వాల్యూమ్ బటన్ నొక్కినా ఫొటో పడుతుంది. ఎలాగంటే, ఆండ్రాయిడ్‌లో ప్రతి బటన్‌కూ ఒక అంకె ఉంది: హోమ్ 3, బ్యాక్ 4, వాల్యూమ్ పెంచేది 24, తగ్గించేది 25. బటన్ నొక్కగానే తెరమీదున్న యాప్‌లోని ‘ఆన్‌కీడౌన్’ అనే ఫంక్షన్‌కు ఆ అంకె చేరుతుంది. అది ‘ట్రూ’ అని బదులిస్తే ఆ బటన్ సంగతి యాప్ చూసుకున్నట్టే. ఇక ఫోన్ శబ్దం మారదు.

హోమ్ నొక్కిన కబురును మాత్రం ఆండ్రాయిడ్ తన దగ్గరే ఉంచుకుంటుంది, మామూలు యాప్‌లకు ఇవ్వదు. ఇస్తే, మనల్ని బయటికి పోనివ్వని యాప్‌లు పుట్టుకొస్తాయి. బ్యాక్ బటన్‌ను మింగేసే యాప్‌లతోనే ఎంత విసుగో!